బుద్ధిమంతమైన చక్రం

మా ఆయన ఉద్యోగం బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొట్లాల తనిఖీ. పొట్లం ముడత పడకూడదు, అతుకు వంకర పోకూడదు, మీది బొమ్మ పక్కకు జరగకూడదు. లోపల బిస్కెట్టు విరిగిందా, మెత్తబడిందా, అసలు ఉందా లేదా అన్నది వేరే విభాగం వాళ్ళు చూసుకుంటారు. "నా సంతకం పైకాగితం వరకే" అంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట విని ఎంత నిక్కచ్చి మనిషో అని మురిసిపోయాను. ఇంట్లో కూడా ఆయన సంతకం అంతవరకేనని తర్వాత తర్వాత తెలిసింది.

ఫ్యాక్టరీలో మిగిలిపోయిన తనిఖీ బుద్ధినంతా ఇంటికి తెచ్చి కారు చక్రాల మీద పెట్టారు. ఆ కారు పాతది. కానీ చూసినవాళ్ళెవరూ పాతదనకూడదు. అందుకోసమే మా ఇంట్లో ఆదివారాలు వచ్చేవి. పొద్దున్నే చిరిగిన బనియను వేసుకుని, చిన్న పీట ఒకటి తెచ్చుకుని, చక్రం ఎదుట కూర్చునేవారు. బకెట్లో షాంపూ నీళ్ళు, స్పాంజి, సీసాలు కడిగే బ్రష్షు, పళ్ళు తోముకునే బ్రష్షు. ఆ చివరిది నాది. నట్ల సందుల్లోకి నాదే బాగా వెళ్తుందట. నేను కొత్త బ్రష్షు కొన్నప్పుడల్లా దానికి పళ్ళ యోగం ఎన్నాళ్ళుందో, చక్రం యోగం ఎప్పుడు పడుతుందో తెలిసేది కాదు.

బ్రేకు వేసినప్పుడల్లా ప్యాడ్లు అరిగి నల్లటి పొడి రాలుతుంది. వేడి మీద ఆ పొడి చక్రానికి అతుక్కుపోతుంది. దానికి రోడ్డు మీది తారు, బురద తోడయ్యాయంటే ఇక మామూలు సబ్బుకు లొంగదు. ఇదంతా ఆయన చెప్పగా చెప్పగా నాకు కంఠతా వచ్చేసింది. ఆ మసిని వదిలించడానికి ఒక సీసా ఉంది. అందులోది చక్రం మీద కొడితే చూస్తుండగానే ఊదారంగులోకి మారి ధారగా కారుతుంది. వాసన మాత్రం కుళ్ళిన కోడిగుడ్డుదే. ఆ వాసన రాగానే ఎదురింటివాళ్ళు కిటికీలు వేసుకునేవారు. ఆయనకు మాత్రం ప్రాణం లేచి వచ్చేది. "చూడు చూడు, పాపమంతా ఎలా కారిపోతోందో" అని నన్ను వంటింట్లోంచి పిలిచేవారు. పొయ్యి మీద మాడేది మాడుతుండగా నేను వెళ్ళి చూసి రావాలి.

కడగటంతో సరిపెట్టుకుని ఉంటే నేనింత చెప్పుకోవలసిన పని లేదు. ఆయనది పరీక్ష కూడా. కారును ఎవరు బయటికి తీసుకెళ్ళినా సరే, తిరిగి గేటు లోపలికి రాగానే నాలుగు తెల్ల గుడ్డముక్కలు తెస్తారు. పాత బనియన్లు కత్తిరించి అంచులు కుట్టి నేను పెట్టినవే. ఒక్కో చక్రాన్ని ఒక్కో ముక్కతో తుడిచి, బట్టలారేసే తీగ మీద నాలుగింటినీ వరసగా క్లిప్పులు పెట్టి వేలాడదీస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడుస్తూ వాటిని చదువుతారు. ఏ ముక్క ఎంత నల్లబడిందో చూసి, నడిపినవాళ్ళ గుణం చెప్పేస్తారు. "బ్రేకు మీద బతికే మనిషి." "ముందుచూపు లేదు." "ఎవరో తరుముకొస్తున్నట్టు తోలాడు." ఒకసారి మా పెద్దన్నయ్య ఏదో అవసరం పడి కారు తీసుకెళ్ళి తెచ్చాడు. తన గుణగణాలు తీగ మీద గాలికి ఊగుతుంటే కాసేపు చూశాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఆ నాలుగు చక్రాల్లో ఒకటంటే ఆయనకు పంచప్రాణాలు. ముందు కుడిది. ఎప్పుడు తుడిచినా గుడ్డ వేసింది వేసినట్టే తెల్లగా వచ్చేది. దాని జత, ముందు ఎడమది, బొగ్గు. "ఒకటే బండి, ఒకటే రోడ్డు, ఒకటే కాలు బ్రేకు తొక్కేది. అయినా దీనికి మసి అంటదు. ఎందుకంటావు? స్వభావం!" అనేవారు. మొదట్లో అదీ అన్నింటిలాగే మురికి చేసుకునేదట, ఈమధ్యే దారిలో పడిందట. తన సీటు సరిగ్గా దాని పైనే ఉండటం వల్ల భయభక్తులు కలిగాయని ఆయన సిద్ధాంతం. దానికి బుద్ధిమంతుడని పేరు పెట్టుకున్నారు. ఎడమదానికి పేరేమీ లేదు, తిట్లే.

ఇంట్లోనూ ఒక బుద్ధిమంతుడున్నాడు. మా మరిది. దొరికిన పని నచ్చక, నచ్చిన పని దొరకక మా మేడ మీది గదిలో ఉంటున్నాడు. మనిషి మంచివాడే. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకోవటంలో, దాన్ని నలగకుండా కాపాడుకోవటంలో వాడిని మించినవాడు లేడు. కుర్చీలో కూర్చుంటే వీపు ఆనించడు, వంగితే మడత పోతుందని కింద పడ్డ చెంచా కూడా తీయడు. మా ఆయన వాణ్ణి నాకూ మా అమ్మాయికీ చూపించి, "వాణ్ణి చూసి నేర్చుకోండి. పొద్దున తొడుక్కున్న చొక్కా రాత్రికి కూడా కొత్తదే. మీరున్నారు, వంటింట్లోంచి వస్తే ఒంటి నిండా నూనె మరకలు" అనేవారు. మరక పడకుండా ఉండాలంటే వంటింట్లోకి వెళ్ళకుండా ఉండటమొక్కటే మార్గమని నాకు నాలుక చివరిదాకా వచ్చేది. వచ్చి అక్కడే ఆగేది. కారుకు గానీ, మరిదికి గానీ వంక పెడితే ఆయన మూడు పూటలూ ముఖం గంటు పెట్టుకుని కూర్చుంటారు. ఆ ముఖం చూస్తూ అన్నం తినటం కన్నా ఊరుకోవటం తేలిక.

ఇదంతా ఇలా నవ్వుకుంటూ గడిచిపోయేదే, మా అమ్మాయి ఉద్యోగం మాట రాకపోతే. అది ఫిజియోథెరపీ చదివింది. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, పడిపోయిన కాళ్ళూ చేతులూ కదిలించి, మెల్లగా లేపి నడిపించే పని. చిన్నప్పటినుంచీ దానికి ఆ పిచ్చి. విరిగిన బొమ్మ కాలికి కూడా వ్యాయామం చేయించేది. ఒక క్లినిక్ వాళ్ళు తీసుకుంటామన్నారు, సొంత కారు ఉండాలన్నది ఒక్కటే షరతు. వాళ్ళు చూసే రోగుల ఇళ్ళన్నీ ఊరవతల కొండ మీది కాలనీల్లో ఉన్నాయి. బస్సు కొండ కిందే ఆగిపోతుంది. ముందు ఒక వారం వచ్చి పని చూసుకుని, కారు సంగతి తేల్చి చెప్పమన్నారు. కారు లేదంటే ఆ చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

సరిగ్గా అప్పుడే మా మరిదికీ కారు అవసరం పడింది. ఇళ్ళ స్థలాలు చూపించే వ్యాపారం మొదలుపెడతాడట. కొనేవాళ్ళను కారులో తిప్పితేనే నమ్మకం కుదురుతుందట.

"ఏమండీ, దానిది ఉద్యోగం. వీడిది ఇంకా మాట వరసకే కదా" అన్నాను.

"నేను పక్షపాతం చూపించే మనిషిని కాదు" అన్నారాయన. "ముందు వారం తమ్ముడు, తర్వాతి వారం అమ్మాయి. ఎవరి చేతిలో బండి శుభ్రంగా ఉంటే వాళ్ళది. నేను చెప్పటమెందుకు, చక్రాలే చెప్తాయి."

మరిది వారం మొదలైంది. పొద్దున్నే చొక్కా వేసుకుని, కారు తీసుకుని వెళ్ళేవాడు. చీకటి పడేవేళకు వచ్చేవాడు. గుడ్డముక్కలు తీగ ఎక్కేవి. ఏం చెప్పను, మల్లెపూలు! బుద్ధిమంతుడి సంగతి సరే, తిట్లు తినే ఎడమది కూడా తెల్లగానే వచ్చింది. ఆయన ఆనందం పట్టలేక ఎదురింటివాళ్ళను కేకేసి మరీ చూపించారు. వాళ్ళు వాసన వస్తుందేమోనని కిటికీలోంచే చూశారు.

"రోజంతా తిరిగావురా?"

"కాళ్ళు పడిపోయేలా తిరిగానన్నయ్యా."

ఆ మాట నాకు కాస్త వింతగా అనిపించింది. కారులో తిరిగేవాడికి కాళ్ళెందుకు పడిపోతాయి? పైగా చొక్కా తెల్లగా ఉంది గానీ చెప్పులు మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి. మా ఆయన చెప్పులు చూడరు కదా, చక్రాలే చూస్తారు.

తర్వాతి వారం అమ్మాయిది. మొదటి రోజు సాయంత్రం కారు దిగుతూనే అంది.

"నాన్నా, బ్రేకు వేస్తే బండి ఎడమకి లాగేస్తోంది. ఆగాల్సిన చోట ఆగట్లేదు. ఒకసారి మెకానిక్‌కి చూపిద్దాం."

ఆయన అప్పటికే మూడో గుడ్డముక్క మీద ఉన్నారు. "బండి లాగదమ్మా, చెయ్యి లాగుతుంది. ఇటు రా. చూడు, ఈ ఎడమ చక్రాన్ని ఎంత ఏడిపించావో. అదే కుడిదాన్ని చూడు, నీ చేతిలో కూడా చెడిపోకుండా ఎలా నిలబెట్టుకుందో."

"నేను చక్రం గురించి చెప్పట్లేదు నాన్నా, బ్రేకు గురించి చెప్తున్నా."

"బ్రేకు ఎందుకు తొక్కాలసలు? ముందుచూపు ఉంటే కాలు తీస్తే చాలు, అదే ఆగుతుంది. మీ బాబాయ్ వారం నడిపాడు. ఒక్క మాటన్నాడా?"

బాబాయ్ అక్కడే ఉన్నాడు, కుర్చీలో వీపు ఆనించకుండా. లేచి మేడ మీదికి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత అమ్మాయి కాస్త ఆలస్యంగా వచ్చింది. తిన్నగా వంటింట్లోకి వచ్చి గట్టు పట్టుకుని నిలబడింది. మంచినీళ్ళిస్తే తాగి, జరిగింది చెప్పింది. కొండ దిగుతుంటే కర్ర పట్టుకున్న ముసలాయన ఒకరు అడ్డం వచ్చారట. బ్రేకు మీద నిలబడ్డంత పని చేసిందట. బండి ఎడమకి తిరిగి, గోడను ఒరుసుకోబోయి, ఆయన కర్రకు జానెడు దూరంలో ఆగిందట.

"ఆయన నన్ను తిట్టలేదమ్మా. దిగి చూస్తే కర్ర పట్టుకుని అలాగే నిలబడి వణుకుతున్నాడు. అదే భరించలేకపోయాను" అంది.

చేతిలో గరిటె అక్కడ పడేసి బయటికి వెళ్ళాను. ఆయన తీగ కింద నిలబడి ఉన్నారు.

"పిల్ల చచ్చి బతికి వచ్చింది. మీకు వినబడుతోందా?"

"వినబడటమెందుకు, కనబడుతోంది" అని ఎడమ చక్రం గుడ్డ నా ముందుకు జరిపారు. "ఇదిగో, ఇంత నల్లగా. ఇలా తొక్కితే ఏ బండైనా తిరగబడుతుంది. తప్పు బండిదైతే నాలుగూ ఒకలా ఉండాలిగా? కుడిది చూడు."

ఆ క్షణాన ఆ కుడి చక్రం మీద నాకు కలిగినంత అసహ్యం ఏ మనిషి మీదా కలగలేదు. అరిచాను. ఎదురింటివాళ్ళు వాసన లేకపోయినా కిటికీలు వేసుకునేంత అరిచాను. ఆయన ముఖం గంటు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. వారం చివరి రోజుల్లో అమ్మాయి కొండ కిందే కారు ఆపి, బ్యాగు భుజానికి తగిలించుకుని నడిచి పైకెక్కింది. అలా వచ్చిన రోజు గుడ్డలు కాస్త తెల్లబడ్డాయి. "చూశావా, చెప్తే నేర్చుకుంటుంది" అన్నారు ఆయన.

ఆదివారం తీర్పు. రెండు వారాల గుడ్డముక్కలూ ఉతక్కుండా దాచి, రెండు తీగల మీద ఆరేశారు. చూడటానికి ఒక వైపు పెళ్ళి, ఒక వైపు గనుల్లో ప్రమాదం. ఆయన గొంతు సవరించుకుని, కూతురంటే తనకెంత ప్రేమో ముందుగా చెప్పారు. ప్రేమ గురించి మొదలుపెట్టారంటేనే తీర్పు ఎటో నాకు అర్థమైపోయింది. తాళాలు తీసి తమ్ముడి చొక్కా జేబులో, మడత చెదరకుండా జాగ్రత్తగా జారవిడిచారు. అమ్మాయి ఏడవలేదు. "సాయంత్రం లోపల క్లినిక్‌కి ఫోన్ చేసి లేదని చెప్పేస్తాను" అంది. నేనే దాని ఫోను లాక్కుని, ఒక్క రోజు ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో నాకే తెలియదు, చేతిలో వేరే మార్గం లేక అన్నాను.

మర్నాడు కారుకు ఫిట్‌నెస్ పరీక్ష. పాత బండి కదా, రోడ్డు మీద తిరగటానికి పనికొస్తుందని సర్కారు వాళ్ళు చూసి ముద్ర వేయాలి. ఆయనకు అది పరీక్షలా లేదు, సన్మానంలా ఉంది. కొత్త చొక్కా వేసుకున్నారు. అక్కడి గేటు దగ్గర చివరిసారి చక్రాలు తుడవటానికి బకెట్టుతో నన్ను రమ్మన్నారు. అమ్మాయి కూడా వస్తానంది. ఎడమకి లాగుతుందన్న ముక్క అక్కడున్నవాళ్ళకైనా చెప్పాలని దాని పట్టుదల.

"నువ్వే నడుపురా, ఇక నీదేగా" అన్నారు ఆయన తమ్ముడితో.

మరిది ముఖం చొక్కా కన్నా తెల్లబడింది. "వద్దన్నయ్యా, నీ చేత్తో నడిపితేనే దానికి అందం" అన్నాడు. ఆయన పొంగిపోయి, తన అలవాటు ప్రకారం ఎద్దుబండి కూడా దాటిపోయేంత నెమ్మదిగా నడిపారు. మరిది వెనక సీట్లో నా పక్కన కూర్చుని, దారి పొడుగునా ముందు సీటు పట్టుకుని వదల్లేదు.

పరీక్ష చేసే షెడ్డులో నేలకు సమంగా ఇనుప రోలర్లున్నాయి. ముందు చక్రాలు వాటి మీద ఎక్కించి తిప్పుతారు. బ్రేకు తొక్కితే ఏ చక్రం ఎంత పట్టుకుందో గోడ మీది డయల్లో రెండు ముళ్ళు చూపిస్తాయి, ఎడమకొకటి, కుడికొకటి. అక్కడి ఉద్యోగి నిద్రముఖం మనిషి. తళతళలాడే మా చక్రాలను కన్నెత్తి కూడా చూడలేదు. అందుకు మా ఆయన నొచ్చుకున్నారు.

"తొక్కండి."

ఆయన తొక్కారు. ఎడమ ముల్లు ఎగిరి పైకి లేచింది. కుడి ముల్లు ఉన్నచోటే పడుకుని ఉంది.

"గట్టిగా తొక్కండి సార్."

ఆయన సీట్లోంచి సగం లేచి తొక్కారు. ఎడమ ముల్లు ఇంకాస్త ఎగిరింది. కుడిది కదిలితే ఒట్టు.

"మీ మిషను పాడైనట్టుంది" అన్నారు ఆయన కిటికీలోంచి.

"ఇప్పుడే ముందు బండికి బానే చూపించిందిగా. మీ కుడి చక్రానికి బ్రేకు లేదు."

"లేకపోవటమేమిటండీ!" ఆయన దిగేశారు. "అది మా బండిలోకెల్లా మంచి చక్రం. ఎప్పుడు తుడిచినా ఒక్క మరక ఉండదు. కావాలంటే మా ఆవిడనడగండి, మా వీధంతా చూసింది."

ఉద్యోగి ఆవులించాడు. "మరకెందుకుంటుంది సార్, పని చేస్తేగా" అన్నాడు. పక్కనున్న మనిషిని పిలిచి చక్రం విప్పించాడు. బయటికి అద్దంలా మెరిసే ఆ చక్రం వెనకాల ఉండే బ్రేకు పళ్ళెం, డిస్కు, ఎర్రగా తుప్పు పట్టి ఉంది. బ్రేకు ప్యాడ్లను దాని మీదికి నొక్కవలసిన పిస్టను బిగుసుకుపోయి కదలటం లేదు.

"కడిగి, నడపకుండా అలాగే నిలబెడతారా?"

"ప్రతి ఆదివారం" అన్నారు ఆయన. ఆ గొంతులో గర్వం ఇంకా పూర్తిగా దిగలేదు.

"అదే మరి. నీళ్ళు లోపల నిలిచి పట్టేసింది." చేతిలో కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, బాగు చేయించాకే రమ్మని చెప్పి, వెనక బండిని పిలిచాడు.

నాకు మొదట నవ్వొచ్చింది. దాచుకోను, పొట్ట పట్టుకుని నవ్వబోయాను. ఇన్నాళ్ళూ మాకు ఆదర్శంగా చూపించిన చక్రం ఒక్క పనీ చేయకుండా తెల్లగా తిరిగిందన్నమాట. దాని పని కూడా నెత్తిన వేసుకుని నల్లబడ్డదానికి తిట్లు. ఇంతలో నా చూపు అమ్మాయి మీద పడింది. అది ఆ ఎర్రటి డిస్కును చూస్తూ నిలబడి ఉంది. ఆ వారమంతా అది కొండ దిగింది ఈ చక్రంతోనే. నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

ఆయనకూ అప్పుడే తట్టినట్టుంది. గిరుక్కున తమ్ముడి వైపు తిరిగారు.

"నువ్వూ వారం నడిపావుగా! నీకు తెలియలేదా?"

మరిది చెప్పుల వైపు చూసుకున్నాడు. "తెలిసిందన్నయ్యా."

"ఏం తెలిసింది?"

"మొదటి రోజే, మన వీధి చివరి మలుపులో బ్రేకు వేస్తే బండి గోడ మీదికి పోబోయింది. గుండె ఆగిపోయింది. మెల్లగా తోసుకుంటూ మా ఫ్రెండు షెడ్డులో పెట్టి గుడ్డ కప్పేశాను. రోజూ పొద్దున అక్కడ పెట్టటం, సాయంత్రం అక్కడినుంచి మొదటి గేరులో తెచ్చుకోవటం. తిరిగింది మాత్రం బస్సులోనూ, నడిచీను."

ఆయన తమ్ముడి దగ్గరికి రెండడుగులు వేశారు.

"తెలిసీ..." వాడి భుజం పట్టుకున్నారు. "తెలిసీ, ఆ పిల్ల ఇదే బండేసుకుని కొండెక్కుతుంటే నోరు మూసుకుని కూర్చున్నావా? ఎందుకు చెప్పలేదురా?"

మా మరిది పుట్టి బుద్ధెరిగాక అన్నకు ఎదురు చెప్పింది లేదు. ఆ రోజు తలెత్తాడు.

"చెప్తే వింటావా అన్నయ్యా? అమ్మాయి చెప్పిందిగా. విన్నావా?"

మా ఆయన చెయ్యి వాడి భుజం మీంచి జారిపోయింది.

నేను మాత్రం ఊరుకోలేదు. "ఆయన వినరు, సరే. నేను విననా? అమ్మాయి చెవిన వేయొచ్చుగా? దానికేమన్నా అయ్యుంటే ఈ తెల్లచొక్కా వేసుకునే పరామర్శకు వచ్చేవాడివా?"

"చెప్తే బండి నాకు రాదనుకున్నా వదినా" అన్నాడు. కళ్ళు తుడుచుకోవటానికి చొక్కా చేతిని వాడుకున్నాడు, మడత సంగతి కూడా మర్చిపోయి. "తప్పే. పెద్ద తప్పే." జేబులోంచి తాళాలు తీశాడు. ఎవరి చేతికివ్వాలో తెలియక కారు బానెట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు. వాణ్ణి తిట్టటానికి నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. అవన్నీ తర్వాత నెల రోజుల పాటు వాడుకున్నాను.

మా ఆయన అమ్మాయి దగ్గరకు వెళ్ళారు. దాని ముఖం వైపు చూడలేకపోయారు. చేతులు పట్టుకుని, వాటినే తిప్పి తిప్పి చూశారు, ఎక్కడన్నా దెబ్బ తగిలిందేమోనని వెతుకుతున్నట్టు.

"మొదటి రోజే చెప్పావు కదమ్మా" అన్నారు.

"చెప్పాను నాన్నా."

"నేను గుడ్డ చూశాను."

అది తల ఊపింది. నేను చెప్పానా లేదా అని దెప్పలేదు, ఓదార్చనూ లేదు. నా కూతురు నాకన్నా గట్టిది. "నాన్నా, క్లినిక్‌కి ఏం చెప్పను?" అని అడిగింది, అంతే.

"ఉందని చెప్పు" అన్నారు ఆయన. "కారు ఉంది, బాగు చేయించి తెస్తున్నామని చెప్పు."

పక్కనే ఉన్న మెకానిక్ దగ్గర కారు పెట్టారు. బాగవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆయన ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, ఆ మెకానిక్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఏ చక్రం వెనకాల ఏముందో ఒక్కొక్కటీ విప్పించి చూశారట. అక్కడి కుర్రాళ్ళు ఆయనకు భయపడి నట్లు రెండుసార్లు బిగించారట. మనిషి మారతాడు గానీ, తనిఖీ ఎక్కడికి పోతుంది.

మళ్ళీ పరీక్షకు పెట్టి, ముద్ర వేయించుకుని, కారు ఇంటికి వచ్చాక తాళాలు తెచ్చి అమ్మాయి చేతికిచ్చారు. అది తీసుకుంది గానీ కదల్లేదు.

"నాన్నా, రేపు నేనొక్కదాన్నే వెళ్తాను. ఇవాళ మాత్రం నువ్వు పక్కన కూర్చో. కొండ దాకా వెళ్ళొద్దాం."

ఆయన ఏనాడూ ఆ కారులో ఎడమ సీట్లో కూర్చోలేదు. ఇంకొకరు నడుపుతుంటే తన కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదంటారు. అయినా వెళ్ళి కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు. నేను వెనక కూర్చున్నాను. మరిది గేటు తీశాడు.

కొండ ఎక్కాం. దిగేటప్పుడు, ఏటవాలు బాగా ఉన్న చోట, రోడ్డు మీద ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు అమ్మాయి అద్దంలో చూసుకుంది. "పట్టుకోండి" అంది. బ్రేకు మీద కాలు వేసి గట్టిగా తొక్కింది.

బండి ఎటూ లాగలేదు. తిన్నగా, గీత గీసినట్టు, ఉన్నచోట ఆగిపోయింది. మేమంతా ముందుకు తూలి వెనక్కి పడ్డాం. కాలిన వాసన కాస్త లోపలికి వచ్చింది. అమ్మాయి అలవాటు కొద్దీ తండ్రి వైపు తిరిగి, ఆయన ఏమంటారా అని బిక్కుబిక్కుమంటూ చూసింది.

ఆయన రెండు చేతులతోనూ డాష్‌బోర్డు పట్టుకుని ఉన్నారు. కళ్ళనిండా నీళ్ళు. ముందున్న రోడ్డునే చూస్తున్నారు.

"ఇంకోసారి వెయ్యి తల్లీ" అన్నారు.